ఖాళీ కడుపుతో వినాలి

"తోసేసిన పళ్ళెం ఊరికే పోతుందా," అంది అత్తగారు. "మూడు నెలలుగా పొద్దున పూట నా చేతి తిండి ముట్టదు ఈ పిల్ల. ఆ కడుపు మాత్రం ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది?"

కోడలు వంటగది గోడకి ఆనుకుని, మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆరు గంటలకి వీధి చివర వినే కర్ర జారవిడిచి కూలబడిన ఆమెని మామగారు చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి తెచ్చాడు. అప్పటినుంచీ ఆ గోడ దగ్గర్నుంచి కదల్లేదు. దగ్గు వస్తే కూడా ఆపుకుంటోంది.

మామగారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నీళ్ళ ఆఫీసులో ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. రోడ్డు మీద కర్ర నిలబెట్టి, దాని కొసకి చెవి ఆనించి, నేల కింద ఏ గొట్టం ఎక్కడ కారుతోందో చెప్పడం ముప్ఫయ్యేళ్ళుగా ఆయన పని. వచ్చే నెలతో ఆ పని అయిపోతుంది. కర్ర కోడలికి ఇస్తానని ఆఫీసులో చెప్పి వచ్చిన రోజు నుంచీ ఈ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. కొడుకు లారీ ఎక్కి నాలుగు రోజులైంది. ఫోను మోగుతుంది, ఎత్తడు.

ఇవాళ పదకొండు గంటలకి ఇంజనీరు ముందు కోడలికి పరీక్ష.

అత్తగారు వేడినీళ్ళ సంచీ తెచ్చింది. కోడలు వద్దని తల ఊపింది. అదీ వద్దా, నా చేత్తో ఇచ్చింది ఏదైనా ఈ ఒంటికి పడదన్నమాట, అని అత్తగారు ఆ సంచీని తన ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. ఇది గ్యాసన్నది. కాసేపటికి గ్యాసు కాదు, భయమన్నది. రోడ్డు మీద చెవి పెట్టి పడుకునే పరీక్షకి కూడా మనుషులు భయపడతారని ఇవాళే తెలిసిందన్నది. అంటూనే కోడలి నుదుటి చెమట కొంగుతో తుడిచింది.

ఎనిమిదింటికి కోడలు కళ్ళు తెరిచింది.

"తగ్గింది మామయ్యా. ఇంకా టైముంది. వెళ్దాం."

అత్తగారు పెద్దగా ఊపిరి వదిలి పొయ్యి వైపు తిరిగింది. పళ్ళెం మీది మూత తీసి, చల్లారిన రొట్టె మళ్ళీ వేడి చెయ్యబోయింది.

మామగారు మాత్రం గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. వచ్చి, కోడలి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"మెల్లిగా తగ్గిందా, ఒక్కసారి ఆగిందా?"

కోడలు చూపు తిప్పుకుంది. ఆ ప్రశ్న ఎక్కడిదో ఆమెకి తెలుసు. నేర్చుకోవడం మొదలుపెట్టిన వారంలోనే చెప్పాడాయన. వెంట్రుకంత పగులు సన్నగా ఈల వేస్తుంది. ఆ ఈల ఉన్నంతసేపూ పరవాలేదు. గొట్టం పూర్తిగా విడిపోతే ఈల ఆగిపోతుంది. కొత్తవాళ్ళు చప్పుడు ఆగింది కదా అని చేతులు దులుపుకుని ఇంటికి పోతారు. వాళ్ళు ఇంటికి చేరేలోపు రోడ్డు కుంగుతుంది.

"చెప్పమ్మా."

"ఒక్కసారే," అంది కోడలు.

ఆయన లేచాడు. బండి పిలవమని భార్యతో చెప్పాడు. పరీక్షకా అని ఆమె అడిగితే, ఆసుపత్రికి అన్నాడు. తగ్గిందంటోంది కదా అని ఆమె అన్న మాట ఆయన చెవిన పడ్డట్టు లేదు. ఆమె వేడి చేసిన రొట్టె వంక చూసి, దాన్ని పళ్ళెంతో సహా ఒక గుడ్డలో మూట కట్టి చంకన పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో ఆమెకే తెలియదు.

* * *

ఆసుపత్రి గుమ్మం దగ్గర కాపలావాడు మామగారి చేతిలో కర్ర చూసి ఆపాడు. కొట్లాటకి వచ్చినవాళ్ళు ముందు రోగిని చూపిస్తారు, తర్వాత కర్ర తీస్తారు, తనకి తెలుసన్నాడు. ఇది వినే కర్ర అని చెప్పే ఓపిక ఆయనకి లేదు. కుంటుతున్నట్టు రెండు అడుగులు వేసి లోపలికి పోయాడు.

డాక్టరు పొట్టి మనిషి. మంచం ఎత్తు సరిపోక చిన్న చెక్కపీట ఒకటి కాలితో జరుపుకుంటూ తిరుగుతుంది. వస్తూనే పొట్ట మీద చెయ్యి వేస్తుందనుకున్నాడు మామగారు. వెయ్యలేదు. మంచం చివర నిలబడి, చేతులు కట్టుకుని, ఊరికే చూసింది.

కర్ర దింపేముందు తనూ అంతే. వీధి మొదట్లో నిలబడి ఎక్కడ గడ్డి పచ్చగా ఉంది, ఎక్కడ దుమ్ము తడిగా ఉంది, చూస్తాడు. ఆ చూపుకి అర్ధగంటైనా పెడతాడు. ఆఫీసులో దాన్ని బద్ధకమంటారు.

"ఊపిరి పొట్ట దాకా రావట్లేదు," అంది డాక్టరు, ఎవరితోనూ కాకుండా.

మామగారు చూశాడు. నిజమే. ఛాతీ లేస్తోంది, దిగుతోంది. పొట్ట బల్లచెక్కలా అలాగే ఉంది. పొద్దుట్నుంచీ ఎదురుగా కూర్చుని తను చూడలేదది.

దగ్గమంది. కోడలు చిన్నగా దగ్గింది. ఆమె చెయ్యి తనంతట తనే ఎగిరి కుడివైపు కింద పడింది. ఆ చెయ్యి ఎక్కడ పడిందో చూసి డాక్టరు తల ఊపింది. అప్పుడు రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చచేసుకుని, ఎడమవైపు కింద, నొప్పి ఊసే లేని చోట మొదలుపెట్టింది.

మంచి గొట్టం ముందు వినాలి. చెడ్డదాన్ని తర్వాత. కోడలికి తను చెప్పింది ఇదే. ఈ మనిషికి ఎవరు చెప్పారు?

ఇంకో సంగతి గమనించాడు. డాక్టరు వేళ్ళు పొట్ట మీద ఉన్నాయి గాని కళ్ళు అక్కడ లేవు. కోడలి ముఖం మీద ఉన్నాయి. వేళ్ళు నొక్కుతున్నాయి, కళ్ళు వింటున్నాయి. ఎడమవైపు నొక్కి వదిలినప్పుడు కోడలి పెదవి వంకర తిరిగింది.

"ఎక్కడ?"

"కుడివైపు," అంది కోడలు, తనకే ఆశ్చర్యంగా. "మీరు నొక్కింది అటు కదా."

మామగారి చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

తర్వాత డాక్టరు అత్తమామలిద్దర్నీ తలుపు బయటికి పంపింది. ఆ వయసు ఆడపిల్లకి పొట్టనొప్పి అంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుందని నర్సు అత్తగారికి చెప్పింది. అత్తగారి ముఖం ఎర్రబడింది, మరుక్షణం వెలిగింది. కాసేపటికి నర్సు బయటికి వచ్చి అది కాదన్నది. అత్తగారు చంకలో మూట సర్దుకుని, కాదంటే మంచిదేగా ఇప్పుడు, అంది. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు.

మళ్ళీ లోపలికి పిలిచేసరికి డాక్టరు స్టెతస్కోపు పొట్ట మీద పెట్టి కళ్ళు మూసుకుని ఉంది. గది గోడకి గడియారం ఉంది. దాని సెకన్ల ముల్లు రెండు చుట్లు తిరిగింది. నర్సు ట్రే కదిలించబోతే మామగారు చెయ్యెత్తి ఆపాడు. వినేవాళ్ళ దగ్గర ఎలా నిలబడాలో ఆయనకి తెలుసు.

డాక్టరు కళ్ళు తెరిచింది. "చప్పుడు లేదు," అంది.

ఆయన కర్ర మీది పట్టు బిగించాడు.

"చోటు చూస్తే అపెండిక్సు," అంది డాక్టరు అత్తగారితో. "అక్కడ నొప్పి అంటే పదిమందిలో తొమ్మిదిమందికి అదే చెప్తాను. కానీ నా మనసు ఒప్పుకోవట్లేదు." కోడలి వైపు తిరిగింది. "మొట్టమొదట ఎక్కడ వచ్చింది? ఇప్పుడున్న చోటు కాదు. మొదటి క్షణం."

కోడలు రొమ్ము ఎముక కింద వేలు పెట్టింది.

"ఎంతసేపట్లో?"

"అడుగు వేసి ఇంకో అడుగు తీసేలోపు. కత్తి దిగినట్టు. తర్వాత ఇటు కుడిపక్క నుంచి కిందికి జారింది."

మాత్రలేమైనా వాడుతున్నావా అని డాక్టరు అడిగింది. కోడలు లేదని తల ఊపింది. ఊపేముందు ఒక్కసారి మామగారి వైపు చూసింది.

ఆయన అది గమనించలేదు. ఆయన మనసు ఆ ముందు మాట దగ్గరే ఉంది. పైన మొదలై కిందికి జారింది. అడగకుండా మాట్లాడటం ఆయనకి అలవాటు లేదు. అయినా నోరు దాటి వచ్చేసింది.

"నీళ్ళు తేలిన చోట పగులుండదమ్మా. పగులు పైన ఉంటుంది. నీళ్ళు పల్లం చూసుకుని వస్తాయి."

నర్సు పెదవుల మీద వేలు పెట్టింది. డాక్టరు మాత్రం పీట మీద నుంచే వెనక్కి తిరిగి, మీ పనేంటి అని అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె ఆ కర్రను చూసింది, ఆయన్ని చూసింది.

"అయితే అక్కడెందుకు, ఇలా రండి," అంది. "మీది రోడ్డు, నాది పొట్ట. అంతే తేడా."

కోడలిని అడిగింది, భుజం ఏమైనా నొప్పిగా ఉందా అని.

"అది పని నొప్పండీ. మెడ వంచి వింటాం కదా. ఎప్పుడూ ఉండేదే."

"ఏ చెవితో వింటావు?"

"ఎడమ."

"ఎప్పుడూ ఉండే నొప్పి ఎటువైపు?"

"ఎడమే."

"ఇప్పుడో?"

కోడలు ఆలోచించింది. మెల్లిగా కుడి భుజం మీద చెయ్యి వేసుకుంది. వేసుకుని, ఆ చేతి వంక చూసుకుంది. పొద్దుట్నుంచీ ఆ నొప్పిని పాత నొప్పే అనుకుంటోంది.

పొట్టకీ ఛాతీకీ మధ్య తెరలాంటిదొకటి ఉంటుందని, దాని అడుగున ఏదైనా చేరి రాచుకుంటే ఆ బాధ వెళ్ళి భుజంలో పలుకుతుందని డాక్టరు చెప్పింది. గొట్టం ఒక వీధిలో పగిలితే ఇంకో వీధిలో కొళాయి ఒణకడం మామగారు చూశాడు. మనిషి ఒంట్లో కూడా అలాంటి దారులున్నాయని ఆయన ఈ వయసుకి విన్నాడు.

డాక్టరు ఎడమచేతి వేలు కోడలి కుడి పక్కటెముకల మీద పరిచి, కుడిచేతి వేలితో దాని మీద తట్టింది. టక్. ఒక వేలెడు కిందికి జరిపింది. టక్. ఇంకొంచెం కిందికి. టక్.

మామగారు తల పక్కకి వంచాడు.

"అమ్మా, అక్కడ లోపల ఏమీ ఉండదా?"

"ఎందుకడిగారు?"

"పైన పలికినట్టే కిందా పలుకుతోంది. డొల్లగా."

డాక్టరు చెయ్యి ఆగింది. ఏమీ అనకుండా పీట దిగి, ఆయన దగ్గరికి వచ్చి, ఆయన చొక్కా మీద నుంచే ఆయన పక్కటెముకల మీద తట్టింది. పైన డొల్లగా పలికింది. కిందికి వచ్చేసరికి చప్పుడు ముద్దబారింది, తడిమట్టి నింపిన గొట్టం మీద తట్టినట్టు.

"అది కాలేయం. బండలా ఉంటుంది, అలాగే పలకాలి," అంది. "ఈ పిల్లకి ఆ బండ మీద గాలి చేరింది. అందుకే డొల్ల. ఇంకో డాక్టరుకి చూపించి అడుగుదామనుకున్నాను. మీరు చెప్పేశారు."

ముప్ఫయ్యేళ్ళలో ఆయన పనిని ఇంట్లో ఎవరూ పనన్నది లేదు. అయినా ఇప్పుడు ఆయన గర్వపడలేదు. ఆయనకి ఆ క్షణంలో కనిపించింది ఆ వేలు. రెండు అంగుళాల వేలు. దానికి యంత్రం లేదు, కర్ర లేదు. చర్మం తెరవకుండా లోపలి ఇల్లంతా తలుపు తలుపూ తట్టి వచ్చింది.

* * *

ఎక్స్‌రేకి కోడలిని పది నిమిషాలు నిటారుగా ఉంచాలన్నారు. ఆమె నిలబడలేదు. అత్తగారు మూట మామగారి చేతిలో పడేసి, కోడలిని రెండు చేతులా పొదివి పట్టుకుంది. కోడలి తల అత్తగారి మెడ వంపులో వాలిపోయింది. ఎంత తేలికైపోయావే, అంది అత్తగారు. ఆ మాటలో నింద లేదు.

ఫిల్ము వెలుగుకి పెట్టి డాక్టరు కలం మొనతో చూపించింది. తెల్లటి కాలేయం మీద, ఆ తెర కింద, గోరు చంద్రుడంత సన్నగా నల్లటి గీత.

"గాలి," అంది. "ఉండకూడని చోట ఉంది. నిలబెడితే పైకి చేరుతుంది, అందుకే నిలబెట్టమన్నాను."

మామగారు తల ఊపాడు. గొట్టం ఎత్తుగా వంగిన చోటే గాలి చేరుతుంది. అందుకే అక్కడ గాలి వదిలే మూత పెడతారు. ఆ నల్ల గీత వంక కన్నార్పకుండా చూశాడు. ఒక బతికున్న మనిషి లోపలి పగులుని, ఆ మనిషి ముందే నిలబడి చూడటం.

జీర్ణకోశానికి చిల్లు పడిందని, అందులో ఉండాల్సిన పుల్లటి రసం కుడిపక్క నుంచి కిందికి కారి నిలిచిందని, అందుకే కింద నొప్పి అని డాక్టరు చెప్పింది. నొప్పి ఆగినట్టు అనిపించడం మోసమని, అలా ఆగిందని ఇంట్లో కూర్చుని సాయంత్రానికి చెయ్యి దాటిపోయినవాళ్ళని చూశానని చెప్పింది. ఇప్పుడే కుట్టాలి.

అప్పుడు కోడలి మంచం దగ్గరికి వెళ్ళి, పీట జరుపుకుని, దాని మీద నిలబడకుండా కూర్చుంది.

"ఆ చిల్లు ఊరికే పడదు. ఇప్పుడు చెప్పు. ఏం మాత్రలు?"

కోడలు దాచలేదు. మెడ నొప్పికి కొట్లో ఇచ్చినవి. రోజుకి రెండు. పరీక్ష దగ్గరపడ్డాక మూడు, నాలుగు. మెడ నొప్పని తెలిస్తే భర్త కర్ర మానిపిస్తాడని ఎవరికీ చెప్పలేదు.

"తిని వేసుకునేదానివా?"

కోడలు తల అడ్డంగా ఊపింది.

"ఖాళీ కడుపు మీదా? ఎందుకు తినవు పొద్దున్న?"

"ఆకలి వెయ్యదండీ పొద్దున పూట," అంది కోడలు.

అత్తగారు గోడ దగ్గర నిలబడి ఉంది. ఆ మాట వినగానే ఆమె తల మెల్లిగా భర్త వైపు తిరిగింది. పెళ్ళైన మర్నాటి నుంచీ ముప్ఫయ్యేళ్ళు ఆమె పొద్దున్నే పళ్ళెం పెట్టింది. ముప్ఫయ్యేళ్ళు ఆయన అదే మాట, అదే వరసలో, అదే గొంతుతో చెప్పి పక్కకి జరిపాడు. ఆకలి వెయ్యదు పొద్దున పూట.

"ఆ మాట ఈ పిల్లది కాదు," అంది.

మామగారి చేతిలో మూట బరువెక్కింది.

"తిన్న కడుపు చప్పుడు చేస్తుంది," అన్నాడు. నేల వంక చూస్తూ చెప్పాడు. "కర్రకి చెవి ఆనిస్తే ముందు అదే వినపడుతుంది. ఖాళీ కడుపుతో వినాలని నాకు నేర్పినాయన చెప్పాడు. నేను దీనికి చెప్పాను." మూట ముడి వేళ్ళతో తడిమాడు. "నేనే చెప్పాను."

అత్తగారు ఏదో అనబోయి, కోడలి వైపు చూసి, ఆ అనబోయింది మింగింది.

సంతకం సంగతి వచ్చింది. కొడుకు ఫోను మోగి మోగి ఆగింది. ఈ పిల్ల పెద్దదే, తన సంతకం తనదే చాలు, అంది డాక్టరు. కోడలు కలం పట్టుకుని, కాగితం మీద పెట్టకుండా ఆగింది.

"మామయ్యా. మీరు విన్నారా?"

"విన్నానమ్మా."

"డొల్లేనా?"

"డొల్లే."

"అయితే సరే," అని సంతకం పెట్టింది. కలం నర్సుకి ఇస్తూ, పదకొండు గంటలకి ఇంజనీరు గారు మూడో వీధిలో నిలబడి ఉంటారు, చెప్పండి, అంది. మంచం చక్రాల మీద కదిలింది.

అత్తగారు డాక్టరు దారికి అడ్డం నిలబడింది. "బతుకుతుందా?"

"త్వరగా తెచ్చారు. కానీ లోపల చూస్తేగాని మాటివ్వలేను," అంది డాక్టరు. "చిల్లు ఒకటే అయ్యుండి, చిన్నదైతే, రెండు గంటలు."

* * *

ఆపరేషన్ గది తలుపు ఎదురుగా బల్ల ఉంది. ఇద్దరూ కూర్చున్నారు. మామగారు ఆఫీసుకి ఫోను చేసి మూడు మాటల్లో చెప్పి పెట్టేశాడు. కర్ర రెండు కాళ్ళ మధ్య నిలబెట్టుకుని, గడ్డం దాని కొస మీద ఆనించి, ఆ తలుపునే వింటూ కూర్చున్నాడు.

అత్తగారు మూట విప్పింది. పొద్దుటి పళ్ళెం. రొట్టె మళ్ళీ చల్లారిపోయింది.

"తినండి."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మూడు నెలలు ఈ పళ్ళెం నన్ను వెక్కిరించింది," అంది ఆమె. గొంతు పెంచలేదు. "నా వంట అసహ్యం అనుకున్నాను. నేనంటే అసహ్యం అనుకున్నాను. దాన్ని అనని మాట లేదు. ఒక్క మాట చెప్పుంటే మీ సొమ్మేం పోయేది? ముప్ఫయ్యేళ్ళలో ఒక్క మాట."

ఆయన కర్ర కొస మీంచి గడ్డం ఎత్తి ఆమె వైపు తిరిగాడు.

ఆమె రొట్టె తుంచి ఆయన చేతిలో పెట్టింది. "ఆ నియమం ఇవాళ్టితో సరి. తినండి."

ఆయన కర్ర పక్కన పెట్టి, ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఎండిపోయి ఉంది. నమిలాడు. నములుతుంటే తన దవడల చప్పుడే తన చెవుల నిండా నిండింది. నర్సుల చెప్పులు, ట్రేల గలగల, గోడ గడియారం, అన్నీ ఆ చప్పుడు కింద మునిగిపోయాయి. ఇన్నేళ్ళకి మొదటిసారి ఆయనకి బయటి లోకం వినపడటం ఆగింది. ఆమె రెండో ముక్క తుంచింది.

తుంచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"నమలకండి," అంది.

ఆయన ఆగాడు. ఆమె తల పక్కకి వంగి ఉంది, అచ్చం ఆయన వంచినట్టు. ఆమె చూపు పోయిన వైపు చూశాడు. గడియారం చూశాడు. రెండు గంటలన్నారు. ఇరవై నిమిషాలు కూడా కాలేదు.

"తలుపు," అంది ఆమె. "గడియ తీస్తున్నారు."